హస్తవాసి సంగతి తర్వాత, ముందు ఆ గాజు గిన్నె ఖాళీ చెయ్

సక్యులెంట్స్ అని ఆకుల్లో, కాండంలో నీళ్ళు దాచుకునే మందపాటి మొక్కలుంటాయి కదా, వాటి గురించి వచ్చిన ఉత్తరం ఇది, కొంచెం కుదించాను:

"అక్కా, నన్ను నువ్వు అనే అనండి, మీకంటే చాలా చిన్నదాన్ని. నాలుగు నెలల కింద ఐదు చిన్న సక్యులెంట్స్ తెచ్చుకున్నా. గాజు గిన్నెలో అడుగున రంగు రాళ్ళు పరిచి, పైన మామూలు కుండీ మట్టేసి మూడింటిని కలిపి నాటా. మిగతా రెండూ అవి వచ్చిన ప్లాస్టిక్ కుండీల్లోనే పుస్తకాల అల్మరాలో పెట్టా. నీళ్ళు ఎక్కువైతే చచ్చిపోతాయని అందరూ భయపెట్టారు, అందుకే రోజు విడిచి రోజు ఒక్క చెంచాడే పోస్తా, మధ్యలో స్ప్రే కొడతా. అయినా గిన్నెలో మూడూ పోయాయి, ముట్టుకుంటే ఆకులు రాలిపోయాయి. మిగిలిన వాటిలో గులాబీలా ఉండే ఎచెవేరియా మెడ సాచినట్టు పొడుగ్గా సాగిపోయింది, తెల్ల చారల హవర్తియాకి కింది ఆకులు గోధుమ రంగొచ్చి మెత్తబడుతున్నాయి. ఇంట్లో అందరూ నీ హస్తవాసి మంచిది కాదు అంటున్నారు. ఈ రెండైనా బతుకుతాయా? మళ్ళీ కొత్తవి తెచ్చుకోవచ్చా?"

తల్లీ, చిల్లు లేని గాజు గిన్నెలో నాటి, అల్మరాలో దాచి, చెంచాడు చొప్పున నీళ్ళు పోస్తే ఎంత మంచి హస్తవాసి ఉన్నవాళ్ళకైనా ఇదే జరుగుతుంది, కాబట్టి ఇంట్లో వాళ్ళకి ఆ మాట చెప్పేసి ముందు హవర్తియా దగ్గరికి వెళ్ళు. ఈ సమాధానం మొత్తం చదవడం తర్వాత, ఎందుకంటే కుళ్ళు ఆగదు, ఇవాళ రెండు ఆకులు అయితే ఎల్లుండికి మొదలు దాకా పోతుంది.

కుండీ పక్కలు నొక్కి మొక్కని మట్టితో సహా బయటికి తీయ్. మట్టి దులిపి వేళ్ళు చూడు. తెల్లగానో లేత గోధుమ రంగులోనో ఉండి పట్టుకుంటే గట్టిగా ఉన్నవి బతికున్నవి. నల్లగా ఉండి, చేత్తో లాగితే పైతొక్క జారిపోయి లోపల దారం లాంటిది మిగిలితే అవి చచ్చినవి, మొహమాటం లేకుండా కత్తిరించెయ్. మెత్తబడ్డ ఆకుల్ని పక్కకి వంచి లాగితే మొదలుతో సహా ఊడొస్తాయి. బ్లేడో కత్తెరో ఏది వాడినా స్పిరిట్‌తో తుడిచి వాడు. కాండం కోయాల్సొస్తే కోసిన చోట చూడు, గోధుమ రంగు చుక్కో చారో కనిపించిందంటే కుళ్ళు ఇంకా పైకి పాకిందన్నమాట, కండ మొత్తం ఒకే రంగులో శుభ్రంగా కనపడే దాకా సన్నగా ముక్కలు కోస్తూ వెళ్ళు. తర్వాత ఎండ తగలని చోట, గాలి ఆడేలా, కాగితం మీద 4-5 రోజులు ఊరికే పడెయ్. భయంగానే ఉంటుంది, వేళ్ళు గాలిలో పెట్టుకుని మొక్క ఎలా బతుకుతుందా అని, కానీ దానికి నీళ్ళ ట్యాంకు ఆకుల్లోనే ఉంది కదా, వారం కాదు ఇంకా ఎక్కువ రోజులైనా ఓర్చుకుంటుంది. గాయాలు మాని పైన పొర కట్టాక పొడి మట్టిలో నాటి, ఇంకో వారం ఆగి అప్పుడు నీళ్ళు పోయ్. కాండం మధ్య దాకా గోధుమ రంగే ఉంటే మాత్రం ఇక ఆశ పెట్టుకోకు, పక్కన పిలక ఏదైనా పచ్చగా ఉంటే దాన్ని విడదీసి కాపాడుకో.

ఒక్క మాట, కింది ఆకులు మెత్తగా కాకుండా కాగితంలా ఎండి గలగలలాడుతుంటే అది జబ్బు కాదు. ముసలి ఆకులు అలాగే పోతాయి, పైన కొత్తవి వస్తుంటే చాలు. దానికి కంగారు పడి నీళ్ళు పోసేవాళ్ళని చాలామందిని చూశా.

ఇప్పుడు ఎచెవేరియా. దీనికి తొందరేం లేదు, అది చావట్లేదు, వెలుతురు ఎక్కడుందా అని వెతుక్కుంటూ మెడ సాస్తోంది అంతే. కాకపోతే ఒకసారి సాగిన కాండం మళ్ళీ కుదించుకోదు, రేపట్నించి ఎంత ఎండలో పెట్టినా ఆ సాగిన భాగం అలాగే ఉంటుంది, పైన వచ్చే కొత్త ఆకులు మాత్రం దగ్గర దగ్గరగా వస్తాయి. ఆ రూపం నచ్చకపోతే తల కోసి మళ్ళీ నాటుకోవచ్చు. తల కింద 3-4 సెంటీమీటర్ల కాండం ఉండేలా కొయ్, ఆ ముక్కకి ఉన్న ఆకులు తీసెయ్, నీడలో 3-5 రోజులు ఆరనిచ్చి పొడి మట్టి మీద కూర్చోబెట్టు. రెండు నుంచి నాలుగు వారాల్లో వేళ్ళు వస్తాయి, మెల్లగా కదిపితే మట్టిని పట్టుకున్నట్టు అనిపిస్తుంది, అప్పుడు నీళ్ళు. మిగిలిన మోడుని పారెయ్యకు, కుండీలోనే ఉంచితే దాని పక్కల నుంచి చాలాసార్లు చిన్న చిన్న పిల్ల గులాబీలు పుడతాయి. అయితే ఇదంతా వెలుతురు సంగతి సర్దుకున్నాకే చెయ్, లేకపోతే కొత్త తల కూడా రెండు నెలల్లో మళ్ళీ మెడ సాచుతుంది, నీకు కోతే మిగులుతుంది.

సరే, మరి చెంచాడు నీళ్ళకే ఎందుకు చచ్చాయి అంటావా, ఇదే చాలామందికి అర్థం కాని చోటు, కొంచెం ఓపిగ్గా చదువు.

చాలా మొక్కలు పగలు ఆకు రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుంటాయి, ఆ తెరిచినప్పుడే లోపలి తేమ కూడా ఆవిరై పోతుంది. సక్యులెంట్లలో చాలావరకు దీనికి తిరగేసి చేస్తాయి, పగలు మూసుకుని రాత్రి చల్లబడ్డాక తెరుస్తాయి, అప్పుడు పీల్చిన కార్బన్ డయాక్సైడ్‌ని ఆమ్లంగా మార్చి దాచుకుని మర్నాడు ఎండొచ్చాక వాడుకుంటాయి. మనకి తెలిసిన కలబంద, నాగజెముడు, రణపాల అన్నీ ఈ బాపతే. అందుకని వాటికి నీళ్ళ ఖర్చు చాలా తక్కువ, మనం పోసింది తాగడానికి రోజులు రోజులు పడుతుంది. ఆ తాగే లోపల మట్టి తడిగానే ఉంటే వేళ్ళకి గాలి అందదు, గాలి అందని వేళ్ళు చచ్చిపోతాయి, చచ్చిన వేళ్ళ మీద బూజు జాతి క్రిములు చేరతాయి, అదే మనం కుళ్ళు అనేది. అంటే ఒకేసారి ఎన్ని నీళ్ళు పోశావు అన్నది అంత పెద్ద విషయం కాదు, మట్టి ఎన్ని రోజులు తడిగా ఉంది అన్నదే విషయం. రోజు విడిచి రోజు చెంచాడు పోసేసరికి నీ గిన్నెలో మట్టికి ఒక్క రోజు కూడా పూర్తిగా ఆరే వీలు దొరకలేదు. అదే ఒకేసారి చెంబెడు పోసి, అదంతా కింద చిల్లులోంచి కారిపోయి, మళ్ళీ మూడు వారాలు ముట్టుకోకుండా ఉంటే ఆ మూడూ ఇవాళ బతికుండేవేమో.

రాళ్ళ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అడుగున రాళ్ళేస్తే నీళ్ళు దిగిపోతాయని ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు, నేను కూడా నమ్మి మొదట్లో ఒక పింగాణీ కప్పులో జేడ్ మొక్కని (మందపాటి గుండ్రటి ఆకుల సక్యులెంట్) అలాగే పెట్టి చంపుకున్నా, పైగా చచ్చేదాకా రాళ్ళున్నాయి కదా అనే ధీమా. ఒక పని చెయ్, గిన్నెలు తోమే స్పాంజ్‌ని బాగా తడిపి పళ్ళెం పట్టినట్టు అడ్డంగా పట్టుకో, కారేదంతా కారి ఆగిపోతుంది. ఇప్పుడు దాన్నే నిలువుగా తిప్పు, మళ్ళీ నీళ్ళు కారతాయి. మట్టి కూడా అంతే, ఎంత మంచి మట్టైనా అడుగున కొంత మందాన నీళ్ళు పట్టుకునే ఉంచుతుంది, కిందకి వదలదు. రాళ్ళేస్తే ఆ తడి పొర రాళ్ళ పైన కూర్చుంటుంది, అంటే నువ్వే దాన్ని వేళ్ళకి ఇంకా దగ్గరగా జరిపావన్నమాట. చిల్లు లేని గిన్నెలో అయితే రాళ్ళ మధ్య నీళ్ళు నిలవ ఉండి కింద నుంచి ఆవిరి కొడుతుంటాయి, అది ఇంకో బాధ. కాబట్టి రాళ్ళు వద్దు, అడుగున చిల్లు మాత్రం ఉండి తీరాలి, మట్టి జారిపోకుండా చిల్లు మీద చిన్న జాలీ ముక్క పెట్టుకో చాలు.

కుండీ మట్టిదైతే నీలాంటి చెయ్యి ఊరుకోని వాళ్ళకి మంచిది, పక్కల నుంచి కూడా తేమ ఆరిపోతుంది. ప్లాస్టిక్ తప్పేం కాదు, ఆరడానికి టైం ఎక్కువ పడుతుంది అంతే. సైజు మాత్రం పెద్దది వద్దు, వేళ్ళ ముద్ద కంటే చుట్టూ 2 సెంటీమీటర్లు ఎక్కువుంటే సరిపోతుంది, పెరుగుతుంది కదా అని ముందే పెద్ద కుండీలో పెడితే వేళ్ళు చేరని మట్టంతా తడిగా మిగిలిపోతుంది.

మట్టి కలపడం పెద్ద విద్యేం కాదు. మామూలు కుండీ మట్టి సగం, పెర్లైట్ (తేలికైన తెల్ల పలుకులు) గానీ ప్యూమిస్ (బోలు బోలుగా ఉండే తేలిక రాయి) గానీ గరుకు ఇసుక గానీ సగం. గరుకు అంటే నిజంగా గరుకు, 3 నుంచి 6 మిల్లీమీటర్ల పలుకులు ఉండాలి, పిండిలాంటి సన్న ఇసుక కలిపితే అది ఖాళీలన్నీ పూడ్చేసి సిమెంటులా గట్టిపడుతుంది, దానికంటే అసలు కలపకపోవడమే నయం. సముద్రపు ఇసుక ఉప్పు, అది అస్సలు వద్దు. నాటాక నీళ్ళు పోసి చూడు, పైన మడుగు కట్టి నిలబడితే ఇంకా పలుకులు కలపాలి, పోసిన క్షణాల్లో లోపలికి జారిపోయి కింద నుంచి కారితే బాగా కుదిరినట్టు.

నర్సరీ నుంచి వచ్చిన ఆ నల్లటి మెత్తటి మట్టి ఉంటుంది చూడు, అది చాలాసార్లు, చిత్తడి నేలల్లో నాచు కుళ్ళి తయారయ్యే పీట్‌ది. తడిస్తే రోజుల తరబడి ఆరదు, పూర్తిగా ఎండిపోతే మళ్ళీ నీళ్ళు పీల్చుకోదు, ముద్దంతా గట్టిగా దగ్గరికి లాక్కుని కుండీ అంచుల వెంట నీళ్ళు జారి కిందకి పోతాయి, మనమేమో కింద నుంచి కారాయి కదా బాగా తాగింది అనుకుంటాం. నీ హవర్తియాని ఎలాగూ బయటికి తీస్తున్నావు కాబట్టి ఆ మట్టి దులిపేసి కొత్తది వేసెయ్. ఇకముందు తెచ్చినవాటికి కూడా మొదట ఆ పనే.

ఇక నీళ్ళు ఎప్పుడు పోయాలి. వారానికోసారి, పది రోజులకోసారి అని ఎవరైనా చెప్తే వినకు, ఆ చెప్పేవాళ్ళకి నీ కిటికీ తెలీదు, నీ కుండీ తెలీదు. వెదురు పుల్ల ఒకటి కుండీ అడుగు దాకా గుచ్చి కాసేపుంచి తీయ్, మట్టి అంటుకుని చల్లగా అనిపిస్తే ఇంకా ఆగు, పొడిగా వచ్చిందా ఆకు వంక చూడు. బాగా తాగిన ఆకు బిగుతుగా ఉంటుంది, దాహం వేస్తే కొంచెం పలచబడి సన్న ముడతలు పడి వంచితే తోలులా వంగుతుంది. పుల్లా పొడిగా వచ్చి, కింది ఆకులు కూడా కొంచెం వడిలాయంటే అప్పుడు పోయ్, పోసినప్పుడు పిసినారితనం వద్దు, కింద చిల్లులోంచి ధారగా కారే దాకా పోసి, పళ్ళెంలో నిలిచిన నీళ్ళు పారబోసెయ్. నాలుగైదు సార్లు ఇలా చేశాక పుల్ల కూడా అక్కర్లేదు, కుండీ ఎత్తి చూస్తే బరువు బట్టే తెలిసిపోతుంది. మొక్క జోరుగా పెరిగే రోజుల్లో రెండు వారాలకే అడగొచ్చు, చలికాలంలో ఎండ తక్కువైనప్పుడు నెల దాటినా అడక్కపోవచ్చు. విపరీతమైన వేడిలో కూడా ఎచెవేరియాలు పెరగడం ఆపి ముడుచుకుని కూర్చుంటాయి, ఎండాకాలం కదా పాపం అని అప్పుడు ఎక్కువ పోస్తే వేడి మీద తడి తోడై కుళ్ళు ఇంకా తొందరగా వస్తుంది.

ఇక్కడొక తిరకాసు ఉంది, నేను కూడా రెండు మూడు మొక్కలు పోయాక గానీ పట్టుకోలేకపోయా. నీళ్ళు ఎక్కువైన మొక్క మొదట ఉబ్బి, ఆకులు పసుపు పచ్చగా అద్దంలా అయిపోయి ముట్టుకుంటే రాలతాయి, నీ గిన్నెలో జరిగింది అదే, ఇది తేలిగ్గానే తెలుస్తుంది. కానీ ఒక్కోసారి పైన ఆకులు బాగానే ఉండి కింద వేళ్ళు మాత్రం కుళ్ళిపోతాయి, తాగడానికి వేళ్ళు లేవు కాబట్టి ఆకులు ముడతలు పడతాయి, చూస్తే అచ్చం దాహం వేసినట్టే ఉంటుంది, మనం జాలిపడి ఇంకాస్త పోస్తాం, అంతే సంగతులు. కాబట్టి ముడతలు పడ్డ మొక్కకి బాగా నీళ్ళు పోసిన మూడు నాలుగు రోజుల్లో ఆకులు బిగుసుకోకపోతే ఇక రెండోసారి పోయకు, బయటికి తీసి వేళ్ళు చూడు.

స్ప్రే బాటిల్ ఇంట్లో ఇంకే పనికైనా వాడుకో. వేళ్ళకి అందేంత నీళ్ళు దాంట్లోంచి రావు, ఆకుల మధ్య గుంటలో నిలిచి అక్కడ కుళ్ళు మొదలవుతుంది, పైగా ఎచెవేరియా మీద విభూది రాసినట్టు తెల్లటి పొడి ఉంటుంది కదా, అది ఎండ నుంచి కాపాడే మైనం లాంటి పూత, నీళ్ళకీ చేతి వేళ్ళకీ చెరిగిపోతుంది, పోయిన ఆకు మీద మళ్ళీ సరిగ్గా రాదు. దుమ్మనుకుని గుడ్డతో తుడిచి మెరిపించేవాళ్ళు కూడా ఉన్నారు, నువ్వు ఆ పని చేయలేదని అనుకుంటున్నా.

వెలుతురు గురించి చెప్తే నీకు కొంచెం కోపం రావొచ్చు, అల్మరా ఎంత అందంగా ఉన్నా అది వీటి చోటు కాదు. మన కన్ను మోసం చేస్తుంది, గదంతా వెలుగ్గానే కనిపిస్తుంది కానీ కిటికీ నుంచి రెండడుగులు లోపలికి వచ్చేసరికే వెలుతురు బాగా పడిపోతుంది. పట్టపగలు మొక్క పెట్టే చోట తెల్ల కాగితం పెట్టి దాని మీద ఒక అడుగు ఎత్తున చెయ్యి పెట్టి చూడు, నీడ అంచులు గీత గీసినట్టు కనిపిస్తే ఎచెవేరియాకి సరిపోయే చోటు, నీడ ఉంది గానీ అంచులు చెదిరినట్టుంటే హవర్తియాకి పర్లేదు, నీడే సరిగ్గా తెలియకపోతే అక్కడ పుస్తకాలే పెట్టుకో. ఎచెవేరియా రోజుకి 4 నుంచి 6 గంటలు ఎండ అడుగుతుంది, ఎండ ఎక్కువసేపు పడే కిటికీకి ఆనించి పెట్టు. హవర్తియా దాని సొంత చోట పొదల చాటున, రాళ్ళ పక్కన పెరిగే మొక్క, నేరుగా మండే ఎండ తగిలితే ఎర్రబడిపోతుంది, పక్కవాటు వెలుతురు చాలు. అలాంటి కిటికీ లేకపోతే ఎల్ఈడీ గ్రో లైట్ (మొక్కల కోసం చేసిన దీపం) మొక్కకి 20-30 సెంటీమీటర్ల పైన పెట్టి రోజుకి 12 గంటలు వేస్తే బానే నడుస్తుంది.

అయితే ఇది చదివి రేపే తీసుకెళ్ళి ఎండలో పెట్టేస్తావేమో, వద్దు. అల్మరాలో నెలలు ఉన్న ఆకు ఒక్క మధ్యాహ్నం ఎండకే కమిలిపోతుంది, ఆ మచ్చలు ఆ ఆకు రాలిపోయేదాకా పోవు. మొదట పొద్దున ఎండ ఒక గంట, తర్వాత రెండు, అలా 10-15 రోజుల్లో మెల్లగా పెంచుకుంటూ వెళ్ళు.

ఎరువు గురించి నువ్వు అడగలేదు, అడక్కపోవడమే మంచిది. కొత్త ఆకులు వస్తున్న రోజుల్లో ద్రవ ఎరువు సగానికి సగం పలచన చేసి నెలకోసారి ఇస్తే చాలు, ఇవ్వకపోయినా ఏం కొంప మునగదు, జబ్బు మొక్కకి మాత్రం అస్సలు వద్దు.

పిండినల్లి మీద ఒక కన్నేసి ఉంచు. ఆకులు కాండంతో కలిసే మూలల్లో దూది పింజల్లా తెల్లగా కనిపిస్తుంది. చెవులు శుభ్రం చేసుకునే దూది పుల్లని 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి ఒక్కోదాన్నీ అద్ది తీసెయ్, గుడ్లు మిగిలిపోతాయి కాబట్టి వారం వారం మళ్ళీ చూడు, ఆ మొక్కని మిగతావాటికి దూరంగా పెట్టు. కుండీ చుట్టూ చీమలు తిరుగుతున్నాయంటే ఎక్కడో పిండినల్లి ఉందేమో అని అనుమానించాల్సిందే, అది వదిలే తియ్యటి జిగురు కోసం చీమలు చేరతాయి.

కొత్తవి తెచ్చుకోవచ్చా అన్నావు. తెచ్చుకో, కానీ ఈ రెండూ ఒక రెండు నెలలు నిలబడ్డాక ఒక్కటి తెచ్చుకో, ఐదు కాదు. జేడ్ మొక్క ఓర్పున్నది, తప్పులు క్షమిస్తుంది, చిల్లులేని కప్పులో పెట్టనంత వరకు. లితాప్స్ అని గులకరాళ్ళలా ముద్దుగా ఉంటాయి, అవి చూసి మనసు పారేసుకోకు, కొత్త ఆకుల జత పాతవాటి నీళ్ళు తాగుతూ బయటికొచ్చే టైంలో మనం నీళ్ళు పోస్తే లెక్క తప్పిపోతుంది, మొదటి ఏడాది వాటి జోలికి వెళ్ళొద్దు. కొనేటప్పుడు మొక్కని మెల్లగా కదిపి చూడు, ఊగిపోతుంటే వేళ్ళు లేనట్టు. నీలం, వంగపండు రంగులు పులిమినవి, కాక్టస్ నెత్తిన జిగురుతో ఎండు పూలు అతికించినవి, పైన రాళ్ళు గట్టిగా అంటించేసినవి తెచ్చుకోకు, రంగు పులిమితే ఆకుకి వెలుతురు అందదు, రాళ్ళు అంటిస్తే మట్టి ఆరిందో లేదో చూడ్డానికే వీలుండదు. ఇంట్లో పిల్లి, కుక్క ఉంటే జేడ్, కలబంద, కలాంచో (రణపాల జాతిది) మూడూ వాటికి పడవు, అందకుండా పెట్టాలి, ఎచెవేరియా హవర్తియాలతో ఆ భయం లేదు. చూడ్డానికి కాక్టస్‌లా ఉండి గిల్లితే పాలు కారేవి యుఫోర్బియాలు, మన ఆకుజెముడు చుట్టాలే, ఆ పాలు కంట్లో పడితే చాలా మంట, చేతులకి తొడుగు వేసుకోకుండా కోయకు.

డబ్బు పెట్టకుండా కొత్త మొక్కలు కావాలంటే ఎచెవేరియా తల కోసినప్పుడు తీసిన ఆకులున్నాయి కదా, వాటిని పారెయ్యకు. అటూ ఇటూ మెల్లగా ఊపుతూ మొదలు తెగకుండా పూర్తిగా ఊడదీయాలి, సగంలో తెగిన ఆకు పనికిరాదు. రెండు మూడు రోజులు ఆరనిచ్చి పొడి మట్టి మీద ఊరికే పడుకోబెట్టు, గుచ్చొద్దు. కొన్ని వారాలకి మొదట్లో గులాబీ రంగు వేళ్ళు సన్నగా దారాల్లా వస్తాయి, దాని పక్కన గోరంత గులాబీ పుడుతుంది, అప్పటి నుంచి వేళ్ళ దగ్గర మట్టి ఆరినప్పుడల్లా కాస్త తడుపుతూ ఉండు. పిల్ల పెరిగేకొద్దీ తల్లి ఆకు వడిలిపోతుంది, అది పూర్తిగా ఎండేదాకా లాగేయకు, పిల్లకి తిండి అదే. పది ఆకుల్లో నాలుగైదు ఉత్తినే ఎండిపోతాయి, కొన్ని వేళ్ళే వేసి పిల్లని పెట్టవు, అదేం నీ తప్పు కాదు, హస్తవాసి మాట అప్పుడు కూడా ఎత్తనివ్వకు. కలబంద ఆకుతో మాత్రం ప్రయత్నించకు, అది కుళ్ళడమే తప్ప మొలవదు, దానికి పిలకలే దారి.

గాజు గిన్నె మీద మనసుంటే పారెయ్యక్కర్లేదు. చిల్లులున్న చిన్న ప్లాస్టిక్ కుండీలో మొక్క పెట్టి, ఆ కుండీని గిన్నెలో కూర్చోబెట్టు. నీళ్ళు పోసేటప్పుడు బయటికి తీసి సింకులో పోసి, కారడం పూర్తిగా ఆగాక మళ్ళీ లోపల పెట్టు. గిన్నెలో కావాలంటే ఆ రంగు రాళ్ళు కూడా వేసుకో.